జీతం పెంచితే చదువు బాగుపడుతుందా? కార్తీక్ మురళీధరన్ పరిశోధనల మీద చర్చ

పీజీ_ఎకనామిక్స్

అందరికీ నమస్తే. ఎం.ఏ. సెమినార్‌కి నాకు వచ్చిన అంశం "టీచర్ల జీతాలు, బోధన నాణ్యత". ఒక ఆర్థికవేత్తను తీసుకుని ఆయన పరిశోధన మొదటి నుంచి ఎలా సాగిందో చెప్పాలి. క్లాసులో చాలామంది అమెరికా ప్రొఫెసర్ ఎరిక్ హనుషెక్‌ని ఎంచుకున్నారు. నేను కార్తీక్ మురళీధరన్‌ని తీసుకున్నాను. హార్వర్డ్‌లో డిగ్రీ, కేంబ్రిడ్జ్‌లో ఎం.ఫిల్., మళ్లీ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ. ఇప్పుడు శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. అయితే ఆయనకు బాగా పేరు తెచ్చిన ప్రయోగం జరిగింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక బడుల్లో. అప్పట్లో ఆ బడుల్లో పనిచేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటారని ఆశ.

నా ఇబ్బంది ఏంటంటే, ఆయన పేపర్లు వరసగా చదివితే ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఒకచోట టీచర్లకు బోనస్ ఇస్తే పిల్లల మార్కులు పెరిగాయంటారు. ఇంకోచోట జీతం రెట్టింపు చేసినా ఏమీ మారలేదంటారు. మరోచోట కొద్దిపాటి జీతంతో చేరిన కాంట్రాక్టు టీచర్లు రెగ్యులర్ వాళ్లకు తీసిపోలేదంటారు. వీటిని కలిపి ఎలా చెప్పాలి?

సుద్దముక్క

కలపడం సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ఆ సారు పేరు చెప్తే మా స్టాఫ్ రూములో ముందు గుర్తొచ్చేది 25 శాతం. నలుగురు టీచర్లలో ఒకరు బడికి రారన్న లెక్క. అది పేపర్లో పడ్డప్పుడల్లా ఊళ్లో మమ్మల్ని చూసే చూపు మారిపోయేది. నా సర్వీసులో ఎక్కువ భాగం ఏకోపాధ్యాయ బడుల్లోనే గడిచింది. మండలంలో మీటింగ్ ఉందంటే బడికి తాళమే. ఆ రోజు ఎవరైనా వచ్చి చూస్తే నేను "లేని" టీచర్నే కదా. ముందు దాని సంగతి చెప్పు.

చినుకు

సుద్దముక్క గారూ, నేను సర్వేల రంగంలో పనిచేస్తాను కాబట్టి ఇది నేను చెప్తాను. ఆ లెక్క 2003 నాటిది. మురళీధరన్ అప్పటికి ఇంకా విద్యార్థే. తర్వాత నోబెల్ అందుకున్న మైకేల్ క్రెమర్, మరికొందరితో కలిసి చేసిన పని. 20 రాష్ట్రాల్లో దాదాపు 3,700 బడులకు చెప్పాపెట్టకుండా వెళ్లి చూశారు. 25 శాతం మంది బడిలో లేరు. పాఠం చెబుతూ కనబడినవాళ్లు దాదాపు సగం మందే. మహారాష్ట్రలో గైర్హాజరు 15 శాతం అయితే జార్ఖండ్‌లో 42.

మీరన్నది నిజమే. ఆ సర్వే కొలిచింది మనిషి ఉన్నారా లేరా అని. పని ఎగ్గొట్టారా అని కాదు. పేపర్లు ఆ రెండింటినీ ఒకటి చేసేశాయి.

కానీ జీతాల చర్చకు పనికొచ్చే సంగతి అందులో వేరే ఉంది. ఎక్కువ జీతం ఉన్నవాళ్లు ఎక్కువగా బడికి వస్తున్నారా అంటే, లేదు. వయసు, చదువు, హోదా పెరిగి జీతం కూడా పెరిగినవాళ్లే, అంటే హెడ్మాస్టర్ల లాంటివాళ్లే, ఎక్కువగా గైర్హాజరయ్యారు. వసతులు కాస్త బాగున్నచోట, ఈమధ్య తనిఖీ జరిగినచోట హాజరు నయంగా ఉంది. దాదాపు 3,000 ప్రభుత్వ బడుల్లో అడిగితే, పదేపదే రాని టీచర్‌ని తొలగించిన సందర్భం ఉందని చెప్పిన హెడ్మాస్టరు ఒకే ఒక్కరు.

బడిగంట

హెడ్మాస్టర్లే ఎక్కువగా లేరంటే దానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. ఎం.ఈ.ఓ. (మండల విద్యాధికారి) ఆఫీసుకి ఎవరు వెళ్లాలి? బ్యాంకుకి? మధ్యాహ్న భోజనం బిల్లులకి? ఆ మనిషి బడిలో ఉండడని ఏ ప్యూన్‌ని అడిగినా చెప్తాడు.

ఇంకో సంగతి. 2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వాళ్లు ఆరు రాష్ట్రాల్లో 619 బడులు తిరిగి, లేని టీచర్ ఎందుకు లేరో కూడా అడిగి రాసుకున్నారు. బడిలో లేనివాళ్లు 18.5 శాతం. వాళ్లలో సెలవు పెట్టినవాళ్లనీ ప్రభుత్వ పని మీద వెళ్లినవాళ్లనీ తీసేస్తే, కారణం లేకుండా రానివాళ్లు మొత్తం టీచర్లలో 2.5 శాతం. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలకు తప్ప టీచర్లను వాడకూడదని చెప్తుంది. ఆ ఎన్నికల విధులే ఓటర్ల జాబితా దగ్గర మొదలై ఎక్కడిదాకా సాగుతాయో అందరికీ తెలుసు.

చినుకు

బడిగంట గారూ, ఆ అధ్యయనం మంచిదే. అయితే కారణం చెప్పింది బడివాళ్లే కాబట్టి 2.5ని అలాగే తీసుకోవడం కష్టం, 25 మొత్తాన్ని డుమ్మా అనడమూ తప్పే. పిల్లవాడి వైపు నుంచి చూస్తే మాత్రం ఏ కారణంతో టీచర్ లేకపోయినా ఆ రోజు పాఠం లేదు. 2010లో మళ్లీ చూస్తే గ్రామాల్లో గైర్హాజరు 26.3 నుంచి 23.6కి దిగింది. దీనివల్ల ఏటా వృథా అవుతున్న జీతాల విలువ 150 కోట్ల డాలర్లని మురళీధరన్ బృందం లెక్కగట్టింది. కొత్త టీచర్లను వేసుకోవడం కన్నా తనిఖీలు పెంచడం పది రెట్లకు పైగా గిట్టుబాటు అని కూడా రాశారు.

సుద్దముక్క

తనిఖీ పెంచారు కదా. 2022లో హాజరుకు ముఖం చూపించే యాప్ తెచ్చారు. సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్ పైకెత్తి నిలబడటం ఆ లెక్కలో ఏ ఖాతా కింద వేస్తారో.

లెక్కలమాస్టారు

హాజరు దగ్గరే ఆగిపోతే ఆ అబ్బాయి సెమినార్ కాస్తా అయిపోతుంది. అసలు ప్రయోగానికి రండి.

2005 విద్యా సంవత్సరంలో మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేశాయి. మురళీధరన్, ప్రపంచ బ్యాంకు వెంకటేశ్ సుందరరామన్ రూపకర్తలు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడింటినీ కలుపుకుని ఐదు జిల్లాల్లో 500 బడులు. చీటీలు తీసినట్టు ఐదు గుంపులు చేశారు, గుంపుకు వంద. ఒక వందలో ఏ టీచర్ పిల్లలు మెరుగైతే ఆ టీచర్‌కే బోనస్. ఇంకో వందలో బడి మొత్తం సగటు చూసి అందరికీ సమానంగా బోనస్. మూడో వందకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్. నాలుగో వందకు బడి ఖర్చులకు గ్రాంటు. చివరి వందకు ఏమీ ఇవ్వలేదు, పోల్చి చూడటానికి.

బోనస్ లెక్క ఇది: పిల్లల సగటు మార్కుల శాతం గతంకంటే ఎంత పెరిగిందో చూసి, మొదటి ఐదు పాయింట్లు వదిలేసి, ఆపైన ఒక్కో పాయింటుకు 500 రూపాయలు. పది పాయింట్లు పెరిగితే 2,500. సగటున చూస్తే టీచర్ ఏడాది జీతంలో 3 శాతం. అంతే.

రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. వాడుక భాషలో చెప్పాలంటే, నూరు మంది వరసలో సరిగ్గా నడిమధ్య ఉన్న పిల్లవాడు లెక్కల్లో పదిమందిని దాటి ముందుకెళ్లినట్టు. జీతంలో 3 శాతానికి ఇది చిన్న ఫలితం కాదు.

రాయలసీమ_రవ్వ

పరీక్షకు బోనస్ ఇస్తే పరీక్షకే బోధిస్తారు. కార్పొరేట్ కాలేజీల్లో జరిగేది అదే కదా మాస్టారూ. బట్టీ కొట్టించి మార్కులు తెప్పించి దానికి చదువు అని పేరు పెడితే సరిపోతుందా?

లెక్కలమాస్టారు

ఆ అనుమానం వాళ్లకూ ఉంది కాబట్టే దాన్ని విడిగా కొలిచారు. ప్రశ్నల్లో బట్టీతో గట్టెక్కేవి కొన్ని, పాఠంలో లేని రూపంలో అడిగి అర్థమైందో లేదో చూసేవి కొన్ని పెట్టారు. రెండు రకాల్లోనూ పిల్లలు మెరుగయ్యారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మార్కులు పెరిగాయి. చదవడం వచ్చిన పిల్లవాడికి సైన్సు పుస్తకం కూడా చదవడం వస్తుంది కదా. పరీక్ష పెట్టింది బయటివాళ్లు, దిద్దింది బయటివాళ్లు. ఆ ఏర్పాటు లేకుండా సొంత బడి మార్కులకే బోనస్ కడితే మాత్రం మీరన్నదే జరుగుతుంది. అందులో నాకు అనుమానం లేదు.

ఇక్కడ నాకు విచిత్రంగా అనిపించేది వేరే ఉంది. బోనస్ పెట్టినా టీచర్ల హాజరు మారలేదు. వచ్చిన రోజుల్లోనే పని ఎక్కువ చేశారు. హోంవర్క్ ఎక్కువ ఇచ్చారు, బడి వేళలు దాటాక అదనపు క్లాసులు తీసుకున్నారు, నమూనా పరీక్షలు పెట్టారు, వెనకబడ్డ పిల్లల మీద దృష్టి పెట్టారు.

బడిగంట

అందరికీ సమానంగా బోనస్ ఇచ్చిన బడుల సంగతి చెప్పలేదు మీరు.

లెక్కలమాస్టారు

మొదటి ఏడాది రెండు పద్ధతులూ ఇంచుమించు ఒకటే. తర్వాత తేడా వచ్చింది. ఐదేళ్ల చివరికి నిలబడింది విడివిడి బోనస్ మాత్రమే. ఒకటి నుంచి ఐదు దాకా ఆ బడుల్లోనే చదివిన పిల్లలు లెక్కల్లో 0.54, భాషలో 0.35 ముందున్నారు. బడికి సగటున ముగ్గురే టీచర్లు ఉన్నా "వాడు చేస్తాడులే" అనే ధోరణి కొంత వచ్చినట్టుంది.

బడిగంట

ముగ్గురున్న బడిలో ఒకరికి 2,500 వచ్చి ఇంకొకరికి రాకపోతే ఏడాదంతా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ ఖర్చు ఏ పరీక్షలోనూ తేలదు.

చినుకు

అలాగే అనిపిస్తుంది కానీ, వాళ్లు టీచర్ల అభిప్రాయం కూడా అడిగారు. 80 శాతానికి పైగా బోనస్ ఆలోచన నచ్చిందన్నారు. ముందే నచ్చిందని చెప్పినవాళ్ల పిల్లలే తర్వాత ఎక్కువ మెరుగయ్యారు కూడా. యూనియన్లు వద్దనడం, టీచర్ వద్దనడం ఎప్పుడూ ఒకటి కాదు.

సుద్దముక్క

ప్రయోగంలో బోనస్ పైన వేసి ఇచ్చారు, జీతంలోంచి కోసి కాదు. పైన వేసి ఇస్తానంటే ఎవరికి చేదు? పీఆర్సీ (వేతన సవరణ) బదులు బోనస్ అని అడిగి చూడమనండి, ఆ 80 ఎంతకు దిగుతుందో.

పీజీ_ఎకనామిక్స్

సుద్దముక్క గారూ, ఈ పాయింట్ నా నోట్స్‌లో రాసుకున్నాను. థ్యాంక్స్. ఇప్పుడు ఇండోనేషియా పేపర్‌కి వద్దాం. నాకు తలనొప్పి అక్కడే.

అక్కడ 2005లో చట్టం చేసి, సర్టిఫికేషన్ పూర్తిచేసిన టీచర్లకు మూలవేతనంతో సమానమైన భత్యం ఇచ్చారు. అంటే రెట్టింపు. మురళీధరన్, జోపె డి రీ, మెన్నో ప్రధాన్, హాల్సీ రోజర్స్ కలిసి 360 బడులు తీసుకుని, వాటిలో లాటరీలో వచ్చిన 120 బడుల టీచర్లకు ఆ భత్యం ముందుగా అందేలా చూశారు. 2018లో పేపర్ వచ్చింది. టీచర్లకు జీతం మీద తృప్తి పెరిగింది, అప్పుల బాధ తగ్గింది, రెండో ఉద్యోగం చేసేవాళ్లు తగ్గారు. పిల్లల చదువులో మాత్రం రెండేళ్లకూ మూడేళ్లకూ మార్పు ఏమీ లేదు.

3 శాతం ఇస్తే కదిలిన బండి 100 శాతం ఇస్తే ఎందుకు కదల్లేదు?

డీఎస్సీ_నిరీక్షణ

అన్నా, నేను బి.ఎడ్. చేసి కోచింగ్‌లో ఉన్నాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డప్పుడు మా హాస్టల్లో రాత్రంతా లైట్లు ఆర్పలేదు. ఈ ఉద్యోగానికి ఇంత పోటీ ఎందుకు? జీతం, భద్రత ఉన్నాయి కాబట్టే. ఇండోనేషియాలో చూసింది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లని. జీతం బాగుంటే తెలివైన పిల్లలు ఈ వైపు వస్తారు, ఆ ఫలితం మూడేళ్లలో ఎలా కనబడుతుంది? పదిహేనేళ్లు ఆగాలి కదా.

చినుకు

డీఎస్సీ తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు. పేపర్ రాసినవాళ్లు కూడా ఈ పరిమితిని ఒప్పుకున్నారు. పనిచేస్తున్న టీచర్‌కి షరతు లేకుండా జీతం పెంచితే పనితీరు మారదు అన్నదే అది రుజువు చేసింది. కొత్తగా ఎవరు చేరతారన్నది వేరే విషయం. కానీ ఒక టీచర్ ముప్పై ఏళ్లు ఉంటారు. మంచివాళ్లను రప్పించడానికి జీతం పెంచితే ఆ పెంపు ఇప్పుడున్న అందరికీ ఇవ్వాలి, ఫలితం తరం మారాక వస్తుంది. ఖజానా వైపు నుంచి చూస్తే అది మామూలు ఖర్చు కాదు.

పీజీ తమ్ముడూ, నీ తలనొప్పికి మందు కూడా ఇందులోనే ఉంది. ఇండోనేషియాలో డబ్బు ఎక్కువ, కానీ పాఠం చెప్పినా చెప్పకపోయినా నెల తిరిగితే అకౌంట్లో పడుతుంది. ఇక్కడ డబ్బు కొంచెమే, కానీ పిల్లవాడి మార్పుతో ముడిపడి ఉంది. ఆయన కెరీర్ మొత్తం ఈ ముడి చుట్టూనే తిరుగుతుంది. ఎంత ఇవ్వాలన్నది కాకుండా దేనికి ఇవ్వాలన్నది ఒక్కో దేశంలో ఒక్కో వైపు నుంచి పరీక్షిస్తూ పోయారు. ఈ కోణంలో చెప్తే నీ మూడు పేపర్లూ కొట్టుకోవు.

సుద్దముక్క

మూడోది మిగిలింది కదా, కాంట్రాక్టు టీచర్ల పేపరు. ఆ వంద బడుల్లో అదనంగా వేసిన టీచర్ వల్ల పిల్లలు లెక్కల్లో 0.16, భాషలో 0.15 మెరుగయ్యారట. కాంట్రాక్టు వాళ్ల గైర్హాజరు రెగ్యులర్ వాళ్లకన్నా బాగా తక్కువ. ఇది నేనూ చదివాను. ఇది చదివి ఏ ఆర్థికమంత్రి అయినా ఏం చేస్తాడు? రెగ్యులర్ పోస్టులు ఆపేసి విద్యా వాలంటీర్లను వేస్తాడు. మన దగ్గర 398 రూపాయల స్పెషల్ టీచర్లని ఒక తరం ఉంది. ఆ సర్వీసు ఇంక్రిమెంట్ల కోసం వాళ్లు ఎన్నేళ్లు తిరిగారో మా సీనియర్లను అడగండి. వాళ్లు బాగా పనిచేశారు, నిజమే. రేపు రెగ్యులర్ చేస్తారన్న ఆశతో చేశారు. ఆ ఆశే వాళ్లతో చేయించిందని పేపర్లో ఎక్కడైనా ఉందా?

లెక్కలమాస్టారు

మంచి మాట. తక్కువ జీతం వల్ల కాదు, కొలువు కొనసాగాలంటే పని కనబడాలి కాబట్టి చేశారు. కాంట్రాక్టు వాళ్లు ఎక్కువగా ఆ ఊరివాళ్లే కావడం కూడా ఒక కారణం.

అయితే మురళీధరన్ సూచన "చవగ్గా నడిపించండి" అని కాదు. 12వ పంచవర్ష ప్రణాళిక సమయంలో ఆయన రాసిన దాంట్లో ఇదంతా ఒక మెట్ల వరసగా ఉంది. ముందు కాంట్రాక్టు మీద బడిలోనే శిక్షణ, ఆ ఏళ్లలో పనితీరు చూడటం, రెగ్యులర్ నియామకంలో ఆ అనుభవానికి అదనపు పాయింట్లు. బి.ఎడ్. పట్టా చూసి జీవితకాలం ఉద్యోగం ఇచ్చేకన్నా క్లాసులో చూసి ఇవ్వడం మేలని వాదన. ప్రభుత్వాలు ఇందులో మొదటి మెట్టు మాత్రం ఇష్టంగా తీసుకుంటాయి, పైమెట్లు మర్చిపోతాయి. సుద్దముక్క గారి కోపం అక్కడ న్యాయమే.

రెండుజడల_అమ్మ

నేను టీచర్‌ని కాదు, ప్రభుత్వ బడికి పిల్లల్ని పంపే తల్లిని. గ్రాంటు ఇచ్చిన నాలుగో వంద బడుల గురించి ఎవరూ మాట్లాడలేదు. వాటి సంగతి ఏమైంది?

చినుకు

అడిగినందుకు సంతోషం అక్కా, ఆ ఫలితం నాకు అన్నిటికన్నా ఇష్టం. మొదటి ఏడాది గ్రాంటు అనుకోకుండా వచ్చింది. నోటుబుక్కులు, పలకలు, చార్టులు కొన్నారు, మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలుసు. దాంతో ఇంట్లో పిల్లల చదువు మీద పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. పిల్లవాడికి చేరిన మొత్తం ఇంచుమించు అంతే, మార్కులూ అంతే. జాంబియాలో కూడా ఇదే జరిగింది.

రెండుజడల_అమ్మ

తప్పేముంది అందులో? బడిలో పుస్తకం ఇస్తారంటే ఆ డబ్బు పాలకో బియ్యానికో పోతుంది. అది కూడా పిల్లకే కదా.

చినుకు

తప్పని వాళ్లూ అనలేదు. కుటుంబానికి మేలే. పరీక్ష మార్కుల్లో మాత్రం కనబడదు.

రాయలసీమ_రవ్వ

అంటే వసతులు దండగ, బోనస్ ముద్దు. చివరికి తేలేది ఇదేనా?

పీజీ_ఎకనామిక్స్

కాదు రవ్వ గారూ. ఇందాకే ఆయన టాంజానియా పేపర్ తిరగేశాను. 2013, 14ల్లో 350 బడులు. కొన్నిటికి గ్రాంటు మాత్రమే, కొన్నిటికి టీచర్ బోనస్ మాత్రమే, కొన్నిటికి రెండూ. గ్రాంటు ఒక్కటే ఇస్తే ఫలితం లేదు. బోనస్ ఒక్కటే ఇస్తే అంతంతమాత్రం. రెండూ కలిసిన బడుల్లో వచ్చిన మెరుగుదల విడివిడి ఫలితాల కూడిక కన్నా ఎక్కువ. పుస్తకం లేకుండా టీచర్ ఎంత కష్టపడినా కొంతవరకే, కష్టపడే కారణం లేకపోతే పుస్తకం బీరువాలోనే ఉంటుంది.

రాయలసీమ_రవ్వ

ఇది ముందే చెప్పి ఉంటే నేను ఇంత గొడవ చేసేవాణ్ణి కాదు.

లెక్కలమాస్టారు

పీజీ, నీ క్లాసులో హనుషెక్ బ్యాచ్ నిన్ను ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటుంది, ముందే సిద్ధంగా ఉండు. హనుషెక్ 1970ల నుంచి చెప్తున్నది టీచర్‌కీ టీచర్‌కీ మధ్య తేడా చాలా పెద్దది, డిగ్రీలూ సర్వీసూ చూసి దాన్ని పట్టుకోలేం అని. అమెరికాలోని గ్యారీ పట్టణం పిల్లల వివరాలు చూసి, మంచి టీచర్ దగ్గర ఒక ఏడాదిలో ఏడాదిన్నర చదువు, బలహీనమైన టీచర్ దగ్గర అర ఏడాది చదువు వచ్చినట్టు తేల్చారు. కాబట్టి ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్నది ఆయన ప్రశ్న. మురళీధరన్ ప్రశ్న ఉన్న టీచరే ఎక్కువ చేయగలరా అని. మన దగ్గర పంపడం అన్నది జరిగే పని కాదు కాబట్టి ఈ ప్రశ్న మనకు దగ్గర.

అడుగుతారు: "అమెరికాలో బోనస్ పనిచేయలేదు కదా?" నిజమే. నాష్‌విల్‌లో ఏడాదికి 15,000 డాలర్ల దాకా ఇచ్చి మూడేళ్లు చూశారు, మొత్తం మీద పిల్లల మార్కులు కదల్లేదు. న్యూయార్క్‌లో బడి మొత్తానికి ఇచ్చారు, అక్కడా లేదు. పని అప్పటికే గట్టిగా జరుగుతున్నచోట బోనస్ లాగడానికి మిగిలింది తక్కువ అని ఒక సమాధానం. పూర్తి సమాధానం అని నేను అనను.

డీఎస్సీ_నిరీక్షణ

మాస్టారూ, ఇరవై ఏళ్లు అయింది కదా ఆ ప్రయోగం. ఫలితం అంత బాగుంటే మన రాష్ట్రాల్లో ఎందుకు అమలు కాలేదు?

బడిగంట

500 బడులకు బయటివాళ్లను పంపి పరీక్ష పెట్టొచ్చు. రెండు రాష్ట్రాల్లో ఉన్న వేల బడుల్లో ఏటా ఎవరు పెడతారు? పక్క బడి టీచర్లనే ఇన్విజిలేటర్లుగా వేస్తారు. మొదటి ఏడాది మొహమాటం, రెండో ఏడాది ఒప్పందం. నేను హెడ్మాస్టర్‌గా చెప్తున్నా, ఆ పరీక్ష మీద నమ్మకం పోయిన రోజు బోనస్ కూడా ఇంకో ఇంక్రిమెంటే.

చినుకు

ఆయన కూడా ఇటీవలి ఏళ్లలో ఎక్కువగా దీని మీదే పడ్డారు. రాష్ట్ర ప్రభుత్వాలు లెక్కలు సరిగ్గా సేకరించుకోవడం, సిబ్బంది పనితీరు చూడటం లాంటి వాటిపై పనిచేసే సంస్థ స్థాపనలో ఆయన ఉన్నారు. 2024లో రాసిన పెద్ద పుస్తకంలో విద్య ఒక అధ్యాయమే, పుస్తకం ప్రధానంగా ప్రభుత్వ యంత్రాంగం సామర్థ్యం గురించి. జీతాల దగ్గర మొదలైన మనిషి అక్కడికి చేరడానికి కారణం బడిగంట గారు చెప్పిన ఇబ్బందే అనుకుంటాను.

పీజీ_ఎకనామిక్స్

అందరికీ ధన్యవాదాలు. హాజరు సర్వే, మన 500 బడులు, కాంట్రాక్టు టీచర్లు, ఇండోనేషియా, టాంజానియా, ఈ వరసలో చెప్తాను. బడిగంట గారి పరీక్షల ప్రశ్న చివర్లో పెడతాను. సుద్దముక్క గారూ, పీఆర్సీ బదులు బోనస్ అన్న మీ మాట మీ పేరుతో వాడుకోవచ్చా?

సుద్దముక్క

వాడుకో తమ్ముడూ, పేరు మాత్రం వద్దు. బదిలీల కౌన్సెలింగ్ దగ్గర్లో ఉంది.